వరండాలో కాల్చిన చుట్ట పొగ లోపలి గదిలో ఉన్న చంటిపిల్లకు హాని చేస్తుందా?

బాహుదా, బరంపురం

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో కొంతకాలంగా నలుగుతున్న ఒక విషయం మీద తెలిసినవారి సలహా కోరుతున్నాను. మా చెల్లెలు పురిటికి వచ్చి ఇంకా మా దగ్గరే ఉంది, పాపకు మూడో నెల నడుస్తోంది. మా నాన్నగారికి చుట్ట అలవాటు నేను పుట్టకముందు నుంచీ ఉంది. గదిలో కాల్చరు కానీ, వీధి వరండాలో పడక కుర్చీ వేసుకుని భోజనమైన ప్రతిసారీ కాలుస్తారు. బాలింత గది కిటికీ సరిగ్గా ఆ వరండాలోకే తెరుచుకుంటుంది. చెల్లెలు కిటికీ మూస్తే ఉక్క, తీస్తే పొగ. నాన్నగారు మాత్రం, గాలికి పోయే పొగ వల్ల ఎవరికీ ఏమీ కాదని, ఆయన చిన్నతనంలో ఇంటినిండా చుట్టలు కాల్చేవారేననీ, అందరూ నిక్షేపంలా పెరిగారనీ అంటున్నారు. పక్కవారి పొగ వల్ల నిజంగా అంత ప్రమాదం ఉందా, వరండా దూరం సరిపోదా, సరిపోకపోతే ఆ మాట పెద్దాయన నొచ్చుకోకుండా చెప్పడం ఎలా అన్నవి నా సందేహాలు.

నాగావళి, రాయగడ

బాహుదా గారూ, పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి మీ మొదటి రెండు సందేహాలకు నాకు తెలిసినంత వివరంగా రాస్తాను. చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్ అయినా దాని నుంచి రెండు రకాలుగా పొగ వస్తుంది. తాగేవారు పీల్చి వదిలే పొగ ఒకటి. వారు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని మాట్లాడుతున్నంతసేపూ నిప్పు కొన నుంచి దానంతట అదే లేచే పొగ రెండోది. పక్కవారు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం ఈ రెండోదే. పీల్చని సమయంలో నిప్పు వేడి తగ్గి పొగాకు సరిగా కాలదు గనుక కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు ఆ పొగలోనే మరింత ఎక్కువగా పుడతాయి. పొగాకు పొగలో మొత్తం 7,000కు పైగా రసాయనాలను గుర్తించారు. వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు.

ఇక చంటిపిల్లల సంగతి. మూడు నెలల పాప పెద్దవారి కంటే ఎంతో వేగంగా ఊపిరి తీస్తుంది, ఊపిరి గొట్టాలు సన్నగా ఉంటాయి, పొగ వస్తోందని లేచి పక్కకు వెళ్లలేదు. పొగ ఉన్న ఇళ్లలో పెరిగే పిల్లలకు నెమ్ము, పిల్లికూతలు, మధ్య చెవిలో నీరు చేరడం ఎక్కువగా వస్తాయని, ఏడాదిలోపు పిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం కూడా పెరుగుతుందని ఎన్నో దేశాల పరిశోధనలు నిర్ధారించాయి. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2006లో వెలువరించిన నివేదిక, పక్కవారి పొగలో ఇంతవరకూ ఫరవాలేదు అనదగిన మోతాదు అంటూ లేదని స్పష్టంగా చెప్పింది.

మా వార్డులో తరచూ చూసేది ఒకటి చెబుతాను. ఆయాసంతో చేర్చిన పాపను తల్లి చేతిలోంచి అందుకుంటే ఆ పాత చీర పొత్తిలికే బీడీ కంపు కొడుతుంది. తండ్రిని అడిగితే, ఇంట్లో ఎప్పుడూ తాగనండీ, గుమ్మం దగ్గరే తాగుతాను అంటాడు. అతను అబద్ధం ఆడటం లేదు, గుమ్మం దగ్గర తాగితే లోపలికి రాదని నిజంగానే నమ్ముతున్నాడు. మీ వరండాకూ ఆ గుమ్మానికీ తేడా లేదు.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

నేను పొగ తాగను, తాగేవారిని సమర్థించను. అయినా ఈ విషయంలో భయం ఎక్కువ, రుజువు తక్కువ అన్నది నా అభిప్రాయం. మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా కట్టెల పొయ్యిలే కదా, కొండ ఊళ్లలో ఇప్పటికీ అవే. వీధి చివర చెత్త తగలబెడతారు, లారీల పొగ సరేసరి. ఇన్ని పొగల మధ్య ముసలాయన కాల్చే ఒక్క చుట్టను దోషిగా నిలబెట్టడం న్యాయమా? పైగా 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం, భర్త పొగ తాగినంత మాత్రాన భార్యకు గుండెజబ్బు గానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ గానీ చెప్పుకోదగినంత పెరగలేదని తేల్చింది. అది కాలిఫోర్నియాలో దాదాపు నలభై ఏళ్ల పాటు సేకరించిన సమాచారం. ఒకవైపు రుజువులు మాత్రమే చూపించి డెబ్బై ఏళ్ల మనిషిని ఆయన ఇంట్లోనే ఆయనను నేరస్థుడిలా చూడడం నాకు నచ్చదు.

ఋషికుల్య, ఛత్రపురం

మహేంద్రగిరి గారూ, కళాశాలలో గణాంక శాస్త్రం చెప్పేవాడిని కాబట్టి మీరు ప్రస్తావించిన అధ్యయనం గురించి కాస్త నిదానంగా రాయవలసి ఉంది.

ఈ చర్చ మొదలైంది 2003లో కాదు. 1981లో జపాన్‌కు చెందిన తకేషి హిరయామా అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. తాము పొగ తాగని 91,540 మంది వివాహిత స్త్రీలను 14 ఏళ్ల పాటు గమనించి, భర్త ఎంత ఎక్కువగా పొగ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం అంత ఎక్కువగా ఉందని ఆయన చూపించారు. భర్త తాగే మోతాదుతో పాటు భార్యకు ప్రమాదం మెట్టుమెట్టుగా పెరగడమే ఆ అధ్యయనానికి ప్రాణం. అదే ఏడాది గ్రీసు దేశం నుంచీ అటువంటి ఫలితమే వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి చూస్తే, పొగ తాగేవారితో కలిసి ఉండేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం 20 నుంచి 30 శాతం, గుండెజబ్బు ప్రమాదం 25 నుంచి 30 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో పక్కవారి పొగను కూడా క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన మొదటి వర్గంలో చేర్చింది.

ఇప్పుడు మీరు చెప్పిన కాలిఫోర్నియా అధ్యయనం. అందులోని సమాచారం సేకరించడం మొదలుపెట్టింది 1959లో. ఆ రోజుల్లో అమెరికాలో కార్యాలయాల్లో, బస్సుల్లో, భోజనశాలల్లో, విమానాల్లో అన్నిచోట్లా పొగే. భర్త తాగని స్త్రీలు కూడా బయట ఆ పొగ పీల్చినవారే. పొగ తగిలినవారినీ తగలనివారినీ వేరు చేసి పోల్చాలి కానీ, ఇద్దరికీ పొగ తగిలినప్పుడు తేడా కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ సమాచారాన్ని మొదట సేకరించిన అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే ఈ నిర్ధారణను బహిరంగంగా ఖండించింది. ఆ పరిశోధనకు అందిన నిధుల్లో కొంత భాగం పొగాకు పరిశ్రమది. డబ్బు వచ్చినంత మాత్రాన ఫలితం తప్పు కావలసిన పని లేదు, కానీ ఆ పరిశ్రమ నడత తెలిసినవారు జాగ్రత్తగా చదవక తప్పదు. 2006లో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ ఇచ్చిన సుదీర్ఘమైన తీర్పులో, పక్కవారి పొగ వల్ల హాని ఉందని తెలిసి కూడా పెద్ద సిగరెట్ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను తప్పుదోవ పట్టించాయని తేల్చారు. ఇరువైపులా రుజువులు సమానంగా ఉన్నాయన్న భావన మనలో ఇంకా మిగిలి ఉందంటే, అది వాళ్లు డబ్బు పోసి పెంచిన భావనే.

నాగావళి, రాయగడ

కట్టెల పొగ మాటకు ఒక చిన్న జోడింపు. పొయ్యి పొగ ఉందని చుట్ట పొగ హాని తగ్గదు. రెండూ కలిసి అదే పసి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. పొయ్యి ఆపితే ఆ పూట అన్నం ఉడకదు, చుట్ట వీధి చివర కాలిస్తే ఎవరి పనీ ఆగదు. మా దగ్గరికి వచ్చే తల్లులకు కూడా, ముందుగా తేలికగా తీసేయగలిగినదాన్ని తీసేయమనే చెబుతాం.

అలల ఒడ్డు, గోపాలపూర్

ఇక్కడ అందరూ మగవారి పొగ గురించే రాస్తున్నారు. మా పేటలో పరిస్థితి వేరు. వేట మీద బతికే మా తెలుగు కుటుంబాల్లో చుట్ట కాల్చే ముసలమ్మలు చాలామంది ఉన్నారు, వారిలో ఎక్కువమంది కాల్చేది అడ్డపొగ. నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని పెదవులు మూసి పీలుస్తారు. ఇసుకలో కూర్చుని చేపలు ఆరబెడుతూ, వల బాగు చేస్తూ, ఒక చుట్టను గంటల తరబడి నోట్లో నిలుపుకుంటారు. గాలికి నిప్పు ఆరదు, తడి చేత్తో పట్టుకునే పని లేదు, అందుకే ఇది మాకు అలవాటైందని మా పెద్దమ్మ చెప్పేది.

ఈ అలవాటు అంగిలికి చేసే చేటు గురించి మన పక్క జిల్లాలోనే పెద్ద పరిశోధన జరిగింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశపు దంత వైద్యులు కలిసి 1971లో ఫలితాలు ప్రచురించారు. అంగిలి తెల్లబారడం, దాని మీద ఎర్రటి చుక్కలు రావడం, పుండ్లు పడటం, చివరకు క్యాన్సర్ దాకా పోవడం అందులో నమోదయ్యాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మన తీరంలో ఎక్కువ కావడానికి కారణం ఇదే.

నేను ఇది ఇక్కడ రాయడానికి కారణం ఉంది. మా దగ్గర తల్లి చేపల బుట్ట ఎత్తుకుని బజారుకు వెళితే పిల్లను పెంచేది ఈ ముసలమ్మే. పిల్ల ఆమె ఒడిలోనే పడుకుంటుంది, ఆమె ముక్కులోంచీ నోట్లోంచీ వదిలే పొగ జానెడు దూరంలో ఉన్న ఆ ముఖం మీదికే వస్తుంది. అవ్వలకు ఈ సంగతి చెప్పడానికి మా ఆశా కార్యకర్త కొత్త దారి పట్టింది. చుట్ట మానమని మొదటే అనదు. ముందు అవ్వ నోరు తెరిపించి, చిన్న అద్దం పట్టి, ఆమె అంగిలిని ఆమెకే చూపిస్తుంది. ఆ మచ్చలు తన కళ్లతో చూసుకున్న అవ్వ ఆ తర్వాత చెప్పేది వింటుంది.

ప్రాణహిత, సిరోంచ

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మా తాలూకాలో తెలుగువారి ఇళ్లలో సిగరెట్ కంటే బీడీ ఎక్కువ. బీడీ అంటే ఆకూ పొగాకూ తప్ప అందులో రసాయనం లేదు, కాబట్టి హాని తక్కువ అన్న నమ్మకం మా వాళ్లలో గట్టిగా ఉంది. దీనికి శాస్త్రం ఏమంటుందో తెలిసినవారు చెప్పగలరా?

ఋషికుల్య, ఛత్రపురం

హాని తక్కువ అన్నది నిజం కాదు. బీడీలో పొగాకు తక్కువే, కానీ తునికాకులోంచి గాలి చొరబడదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, వెంటవెంటనే పీల్చాలి. అందువల్ల తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌తో సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి వస్తాయి. మన దేశంలో సిగరెట్ తాగేవారి కంటే బీడీ తాగేవారే ఎక్కువ. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పొగాకు సర్వేలో పెద్దవారిలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం అని తేలింది. అదే సర్వేలో ఇంటి లోపల ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పినవారు 38.7 శాతం. పొగ తాగేవారు మొత్తం కలిపి 10.7 శాతమే ఉన్న దేశంలో, ఆ పొగ పీలుస్తున్న ఇళ్లవారు అంతకు మూడు రెట్లకు పైగా ఉన్నారు. నేను విద్యార్థులకు ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూపిస్తాను.

మన ఒడిశాలో పొగాకు వాడేవారు 45.6 శాతం, అయితే వారిలో అత్యధికులు ఖైనీ, గుడాకు వంటి పొగ రాని పొగాకు వాడేవారు. అది వేరే చర్చ.

వంశధార, గుణుపురం

నాది చిన్న టిఫిన్ హోటల్. పొగ తాగని పనివాళ్ల గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఇడ్లీ తినడానికి వచ్చినవారు పది నిమిషాలు కూర్చుని టీతో పాటు సిగరెట్ ముగించి వెళ్లిపోతారు. బల్లలు తుడిచే కుర్రవాడు మాత్రం తెల్లవారుజామున నాలుగింటి నుంచి మధ్యాహ్నం దాకా, వచ్చిన ప్రతివారి పొగా పీలుస్తాడు. పక్క దుకాణాలవారు గిరాకీ పోతుందని హెచ్చరించినా నేను లోపల తాగవద్దని బోర్డు పెట్టాను. ఒకరిద్దరు అలిగారు, ఎక్కువమంది సిగరెట్ బయట పారేసి వచ్చి కూర్చుంటున్నారు. ఆడవారు పిల్లలతో రావడం మాత్రం స్పష్టంగా పెరిగింది.

ఇది నా దయ కాదు, చట్టం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నేరం, 200 రూపాయల దాకా జరిమానా. దాని కింద వచ్చిన కొత్త నియమాలు 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. 30 మంది గానీ అంతకు మించి గానీ కూర్చోగల పెద్ద హోటళ్లు విడిగా గది కట్టి అక్కడ తాగనివ్వవచ్చు. మాలాంటి చిన్న హోటల్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. నన్ను అడిగితే ఆ విడి గది ఎవరికీ ఉండకూడదు, అక్కడా గ్లాసులు అందించేది ఒక పనివాడే కదా.

ఋషికుల్య, ఛత్రపురం

వంశధార గారి మాటకు బలం చేకూర్చే ఒక ఉదాహరణ గుర్తొచ్చింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో హెలెనా అనే చిన్న పట్టణం ఉంది. 2002లో అక్కడ పని చేసే చోట్ల, హోటళ్లలో పొగ నిషేధించారు. ఆరు నెలల తర్వాత కోర్టు ఉత్తర్వుతో నిషేధం ఆగిపోయింది. మిగతా సంవత్సరాల్లో ఆ నెలల్లో సగటున 40 మంది గుండెపోటుతో ఆసుపత్రిలో చేరగా, నిషేధం ఉన్న ఆరు నెలల్లో చేరినవారు 24 మంది. చిన్న ఊరు, చిన్న అంకెలు గనుక అంత పెద్ద తగ్గుదల అన్నిచోట్లా రాలేదు. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనాల్లో తగ్గుదల అంతకంటే తక్కువగా ఉన్నా, దిశ మాత్రం అదే. రక్తంలోని ఫలకికలు (ప్లేట్‌లెట్లు) ఒకదానికొకటి అతుక్కునే గుణం, రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం కొద్దిపాటి పొగకే మొదలవుతాయి కాబట్టి గుండె విషయంలో తక్కువ పొగకు తక్కువ హాని అన్న లెక్క పనిచేయదు.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

ఋషికుల్య గారు 1959 నాటి పరిస్థితి గురించి చెప్పినది ఆలోచించదగినదే. హోటల్లో, బస్సులో చట్టం ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. నా బాధ మరొకటి. చట్టం ఇంటి గడప దగ్గర ఆగుతుంది, ఆగాలి కూడా. గడప లోపల ఒక ముసలి మనిషికి మిగిలిన ఏకైక సుఖాన్ని ఆయన పిల్లలు లాగేసుకోవడం ఏ ఆరోగ్య నివేదిక పేరుతో చేసినా సరే, నాకు కష్టంగా ఉంటుంది. ఇంకొకటి, మన కొండల్లో ఎండాకాలంలో బీడీలు చుట్టే కెందు ఆకు, అంటే తునికాకు, కోసి బతికే కుటుంబాలు ఎన్ని లేవు? 1973 నుంచి ఆ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. పొగ మీద ఇంత యుద్ధం చేస్తే వారి సంగతి ఏమిటి?

కొండదారి, కొరాపుట్

ఆకు కోసే కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పేవాడిగా ఈ ప్రశ్నకు జవాబు రాస్తాను. బీడీ ఇంటి బయట తాగమనడం వల్ల ఒక్క కట్ట ఆకు కూడా అమ్ముడుపోకుండా మిగలదు. బాహుదా గారి నాన్నగారు కుర్చీ వీధి చివరకు మార్చుకున్నంత మాత్రాన ఎవరి కూలీ తగ్గుతుంది? రెండూ వేరు వేరు విషయాలు. ఆకు కోసేవారికి ఇతర ఆదాయం చూపించడం ప్రభుత్వం చేయవలసిన పని, దానికి నేనూ గొంతు కలుపుతాను. కానీ ఆ పేదరికాన్ని సాకుగా చూపి ఆ కుటుంబాల పిల్లలకే పొగ పీల్చే బతుకు మిగల్చడం సరికాదు. ఆకు కోసే ఇంట్లోనే బీడీ ఎక్కువ, ఒంటి గది ఇల్లు, అదే గదిలో నలుగురు పిల్లలు.

పిల్లల విషయంలో పొగ ఒక్కటే కాదు, బీడీ కొనుక్కొచ్చే పని కూడా వారికే అప్పగిస్తాం. మా బడిలో నాలుగో తరగతి కుర్రాడు మధ్యాహ్నం విరామంలో కనబడలేదు. వెతికితే, నాన్న కోసం బీడీ కట్టా అగ్గిపెట్టె కొనడానికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం, బడికి వంద గజాల లోపల అమ్మడం రెండూ నేరమని ఆ దుకాణదారుకు తెలియదు. మా ప్రధానోపాధ్యాయులు వెళ్లి మర్యాదగా చెప్పిన తర్వాత అతను పిల్లలకు ఇవ్వడం ఆపేశాడు, దుకాణం మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఊరి తండ్రులందరికీ నేను చెప్పేది ఒకటే, బీడీ మీరు తాగుతారు సరే, కొనడానికి మీరే వెళ్లండి, దాన్ని పిల్లాడి చేతిలో పెట్టకండి.

బాహుదా, బరంపురం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారిని నేరస్థుడిగా చూసే ఉద్దేశం నాకు లేదు, మహేంద్రగిరి గారి బాధ నాకు అర్థమైంది. నాగావళి గారూ, మరో రెండు సందేహాలు. వరండాలో టేబుల్ ఫ్యాన్ పెట్టి పొగ వీధిలోకి పోయేలా చేస్తే చాలదా? మా అమ్మ పాపకు తలంటి పోశాక సాంబ్రాణి పొగ వేస్తుంది, దాని సంగతి కూడా చెప్పండి.

నాగావళి, రాయగడ

ఫ్యాన్ పొగను చెదరగొడుతుంది, అందులోని విషాన్ని తీసేయదు. గాలి ఇంటి వైపు తిరిగిన రోజున అదే ఫ్యాన్ ఆ పొగను లోపలికి నెడుతుంది. నేను ముందు చెప్పిన 2006 నివేదికే, విడి గదులు, కిటికీలు, గాలి శుద్ధి యంత్రాలు ఏవీ పొగను పూర్తిగా ఆపలేవని తేల్చింది. ఏసీ అయితే లోపలి గాలినే తిప్పుతుంది కాబట్టి మరీ ప్రమాదం. మీరు చేయగలిగింది, కుర్చీని ఆ కిటికీకీ గుమ్మానికీ దూరంగా, వీలైతే పెరట్లోకి మార్చడం. కాల్చిన వెంటనే పాపను ఎత్తుకోవద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, నోరు పుక్కిలించి, పైన వేసుకున్న కండువా గానీ చొక్కా గానీ మార్చుకుని అప్పుడు ఎత్తుకోమనండి. ఆ పొగ బట్టల్లో, వెంట్రుకల్లో, దుప్పట్లలో పేరుకుంటుంది, పాకే వయసు వచ్చాక పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు. మోటారు సైకిల్ మీద తిప్పడం వేరు, కానీ మూసిన కారులో మాత్రం ఎవరినీ ఒక్క దమ్ము కూడా పీల్చనివ్వవద్దు.

సాంబ్రాణి విషయంలో అమ్మగారికి కోపం వస్తుందేమో కానీ చెప్పక తప్పదు. పొగాకు కాకపోయినా, నిప్పుల మీద నుంచి వచ్చే ఆ పొగ కూడా పాప ఊపిరి గొట్టాలను రేపుతుంది. తల మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. దేవుడి దగ్గర వేసుకోవాలంటే పాప లేని గదిలో వేసుకుని, పొగ పోయాక తలుపు తీయమనండి.

పెద్దింటి అత్తయ్య, ఛత్రపురం

బాబూ, పెద్దాయన నొచ్చుకోకుండా చెప్పడం ఎలా అన్న నీ మూడో సందేహానికి ఎవరూ జవాబు రాయలేదు, అది నేను రాస్తాను. మా ఇంటాయన ముప్పై ఏళ్లు కాల్చి మానేసినవారు కాబట్టి ఆ కష్టం దగ్గర నుంచి చూశాను. మీ చెల్లెలి చేత ఆ మాట చెప్పించకు, ఆడపిల్ల పుట్టింటికి వచ్చి తండ్రి మీద ఫిర్యాదు చేసిందన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంటుంది. నువ్వు చెబితే కొడుకు పెత్తనం అనుకుంటారు. పాపకు టీకాలకు వెళ్లేటప్పుడు ఆయనను వెంట తీసుకువెళ్లి, డాక్టరు నోటి వెంటనే వినిపించు. డాక్టరు మాటలో పరువు సమస్య ఉండదు. మానేయమని అడగవద్దు, చోటు మార్చమని అడుగు. అలా చోటు మార్చాక భోజనమైన ప్రతిసారీ లేచి పెరటి చివరకు నడవడం బద్ధకమై మా ఆయన సగానికి సగం తగ్గించేశారు.

ఇంకో మాట. మానేయాలని ఆయన అంతట ఆయనే అంటే, మొదటి కొన్ని రోజులు విసుగు, కోపం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆయనను దెప్పకూడదు. చుట్ట అడిగే సమయానికి వక్క కాదు, సోంపు గానీ లవంగం గానీ చేతిలో పెట్టండి. సిగరెట్ పెట్టెల మీద అచ్చు వేసే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఉంటుంది, మందులు కావాలంటే అక్కడే అడగండి, దుకాణంలో తోచింది కొనకండి.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

అత్తయ్యగారు చెప్పిన పద్ధతి నాకు సమ్మతమే. చోటు మార్చమని అడగడంలో ఆయన గౌరవానికి లోటు లేదు.

బాహుదా, బరంపురం

అత్తయ్యగారూ, వచ్చే వారమే టీకా ఉంది, నాన్నగారినే పాపను ఎత్తుకుని రమ్మంటాను. చివరగా ఒకటి. ఆరో నెలలో అన్నప్రాశన కల్యాణ మండపంలో చేయాలనుకుంటున్నాం. మా బంధువుల్లో వంటల దగ్గరా, పేకాట దగ్గరా కాల్చేవారు ఎక్కువ. ఇంటికి చట్టం లేదన్నారు, మండపానికి ఉందా?

వంశధార, గుణుపురం

ఉంది. నలుగురూ వచ్చే మండపం బహిరంగ ప్రదేశమే. పొగ తాగరాదు అన్న బోర్డు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో ప్రవేశద్వారం దగ్గర పెట్టడం, లోపల యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు పెట్టకపోవడం యజమాని బాధ్యత. లోపల ఎవరైనా కాలిస్తే, దాన్ని ఆపని యజమాని కూడా జరిమానా కట్టవలసి వస్తుంది. అద్దె మాట్లాడుకునే రోజునే ఆ బోర్డు ఉందో లేదో చూసుకుని, లేకపోతే పెట్టమని అడగండి. వంటవారికీ బయానా ఇచ్చేటప్పుడే ఒక మాట చెప్పండి. పేకాట కూర్చునేవారికి గేటు బయట, వేప చెట్టు కిందో షామియానా కిందో, కుర్చీలు విడిగా వేయించండి, పిల్లలు కూర్చునే వరస దానికి ఎదురు చివర ఉండేలా చూసుకోండి.